రిలీవర్ వచ్చేదాకా

మా బాబాయి పోయాడన్న కబురు నాకు మొదట ఛత్తీస్‌గఢీలో తెలిసింది. "బాబూజీ నఇ రహిస్, మాస్టర్‌జీ" అంది బాబాయి తోటలో పనిచేసే దీదీ, ఫోన్లో. బాబూజీ ఇక లేరు అని ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. పొద్దున్నే ఆయనకి టీ పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళింది ఆమె. నేను స్మృతి నగర్‌లో మా ఇంట్లో, బడికి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. సగం పెట్టిన గుండీలతోనే కుర్చీలో కూలబడ్డాను. ఆ తరవాత తెలుగులో బోలెడుమంది ఫోన్లు చేసి చెప్పారు. భిలాయిలో మనవాళ్ళకి ఒకళ్ళకి తెలిసిందంటే సెక్టర్లన్నిటికీ తెలిసినట్టే.

ఆయన మా నాన్నకి తమ్ముడు, ఇక్కడి ఉక్కు ప్లాంట్‌లో పనిచేసి రిటైరైనవాడు. పిల్లలు లేరు. ఎవరైనా జాలిపడబోతే, "మా ప్లాంట్‌లో ఉన్నాయి కదండీ, కోక్ ఓవెన్ బ్యాటరీలు. ఆటిని పెంచేసరికే నా పనైపోయింది" అనేవాడు. కొరివి పెట్టింది నేనే. ఈ నాలుగు మాటలూ రాస్తున్నది ఏడవడానికి కాదు. ఏడుపు ఎలాగూ ఉంది, అది ఇంట్లో ఏడుస్తాం. గొప్పగా చెప్పుకోడానికి రాస్తున్నాను. మా బాబాయి గొప్పలు చెప్పుకునే మనిషి. ఆయన గురించి ఒద్దికగా రాస్తే ఆయనే ఒప్పుకోడు.

కోక్ ఓవెన్స్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. రాతిబొగ్గుని గాలి తగలకుండా పొయ్యిల్లో కాల్చి, ఇనుము కరిగించడానికి పనికొచ్చే కోక్‌గా మార్చే చోటు అది. బారుగా కట్టిన ఆ పొయ్యిల వరసనే బ్యాటరీ అంటారు. ఒకసారి వెలిగించారంటే ఏళ్ళ తరబడి ఆర్పరు. ఆరితే లోపలి ఇటుకలు బీటలు వారి మొత్తం పాడైపోతుంది. అందుకని అక్కడ ఒక పద్ధతి ఉంది. నీ చోట నిలబడవలసినవాడు, అంటే నీ రిలీవర్, వచ్చేదాకా నువ్వు డ్యూటీ దిగకూడదు. షిఫ్టు అయిపోయింది కదా అని సైకిలెక్కి ఇంటికొచ్చేస్తే కుదరదు. మేమంతా సెక్టర్ ఆరు క్వార్టర్లలో ఉన్న రోజుల్లో పిన్ని అన్నం వడ్డించి కూర్చునేది. బాబాయి వచ్చేవాడు కాదు. "రిలీవర్ రానట్టున్నాడు" అని కంచం మీద మూత పెట్టేసి, స్వెట్టర్ అల్లుకోడం మొదలెట్టేది.

బాబాయి ఇంకో సంగతి కూడా చెప్పేవాడు, చెప్పిన ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే. బొగ్గు కాలేటప్పుడు గ్యాస్ వస్తుంది. దాన్ని శుభ్రం చేసి, మళ్ళీ ఆ పొయ్యిలు వేడెక్కడానికే పంపుతారు. "చూసేవేట్రా, ఎవడి దగ్గరా అగ్గిపుల్ల అడగదది. దాని మంట దాందే" అనేవాడు. నాకు అప్పుడు విసుగొచ్చేది. ఈ ఒక్క ముక్క మీద ఆయన రిటైరయ్యాక ఒక తోట నిలబెడతాడని నేను కలగనలేదు.

భిలాయి శివార్లలో, మరోదా అనే పేట వైపు మన తెలుగువాళ్ళ సంఘానికి ఓ స్థలం ఉండేది. పెళ్ళిళ్ళ హాలు కడదామని మా పెద్దవాళ్ళు తలో చెయ్యి వేసి కొన్నది. హాలు లేవలేదు. ఎర్ర మొరం నేల, వానాకాలం జారుడుబండ, వేసవిలో పెంకు. బాబాయి రిటైరయ్యాక ఆ స్థలం గోడని ఆనుకునే చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఖాళీగా పడి ఉంది, చెట్లు వేస్తానని సంఘాన్ని అడిగాడు. వెయ్యమన్నారు.

అక్కడ ఆయన చేసిన తప్పు మన ఉత్తరాంధ్ర వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్ములో మంచి భాగం పట్టుకుని శ్రీకాకుళం వెళ్ళాడు. కొబ్బరి మొక్కలు, జీడిమామిడి అంట్లు రైల్లో వేసుకొచ్చాడు. బెర్తుల మీద మొక్కలు, కింద దుప్పటి పరుచుకుని బాబాయి, పిన్ని. పుట్టి పెరిగిన ఊరి గాలి పెరట్లో వీచాలని ఆయన ఆశ. సముద్రం లేని చోట ఆ గాలి ఎక్కణ్ణించి వస్తుందని అడగడానికి నోరు రాలేదు నాకు. మొహం అంతలా వెలిగిపోతోంది.

అడిగింది దీదీ. పక్క బస్తీలో ఉండేది, గంపలో ఆకుకూరలు పెట్టుకుని బజారుకి వెళ్ళేది. గోడ దగ్గర ఆగి చూసి, "ఏ హా నఇ జియయ్ గా" అంది. ఇవి బతకవయ్యా అని.

"నీకేటి తెల్సు? ఇవి మా ఊరియి" అన్నాడు బాబాయి తెలుగులో. ఆమెకి తెలుగు రాదు. అయినా అర్థమైంది కాబోలు, నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ వేసవిలో వడగాలికి అన్నీ మాడిపోయాయి. బాబాయి ఎండిన మొక్కలన్నీ తనే పీకి పారేశాడు. తరవాత సంఘం మీటింగుకి వెళ్ళి, బోరుకీ మళ్ళీ మొక్కలకీ సాయం చెయ్యమన్నాడు. సెక్రటరీ గారు లేచి నిలబడ్డారు. అప్పుడూ ఆయనే, ఇప్పుడూ ఆయనే సెక్రటరీ. మంచి మనిషే, హాలంటే పిచ్చి. "సంఘం దగ్గర డబ్బు లేదండీ. స్థలం ఉంచుకోండి, కాదన్ను. కానీ ఎప్పుడైతే మా దగ్గరకొచ్చి రూపాయి అడుగుతారో అప్పుడు తోట తీసీసి హాలు కడతాం. మీరున్నా అదే మాట, మీ తరవాత ఎవరున్నా అదే మాట" అన్నారు. అందరూ బాబాయి వైపు చూశారు. కోపం వస్తే ఆయన చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు దూరం నుంచి కూడా కనపడ్డాయి.

"అలగే. నానడగను. నా తోటా అడగదు" అని, టీ తాగకుండా వచ్చేశాడు.

తోట పెంచడం ఎవరైనా చేస్తారు. మొదటి రెండేళ్ళు ఉత్సాహం ఉంటుంది, ఎవరో ఒకరు చందా ఇస్తారు. మూడో ఏడు నీళ్ళ పైపు పగిలితే బాగుచేయించే దిక్కుండదు. గడ్డి మొలుస్తుంది, ఫొటోలు మిగుల్తాయి. తోట తన ఖర్చు తనే పెట్టుకుని, తనని పెంచినవాడు పోయాక కూడా నిలబడడం వేరే సంగతి. బాబాయి పందెం ఆ రెండోదాని మీద.

మర్నాడు పొద్దున్నే దీదీ ఇంటి ముందు నిలబడి, ఏవి బతుకుతాయో చెప్పమన్నాడు. ఆమె ఊరికే చెప్పే రకం కాదు. బేరం పెట్టింది. ఆకుకూరలన్నీ తనకే ఇవ్వాలి, బజారు కన్నా తక్కువ ధరకి. తోటలో పని చేస్తే కూలి వేరు. తన కోడలికీ పని ఉండాలి. బాబాయి ప్లాంట్‌లో యూనియన్ వాళ్ళతో కూడా అంతసేపు మాట్లాడి ఉండడు. ఇద్దరూ ఎండలో నిలబడి, ఆయన హిందీలో, ఆమె ఛత్తీస్‌గఢీలో, చేతులూపుకుంటూ తేల్చుకున్నారు. ఇంటికొచ్చి, "గట్టిది" అన్నాడు పిన్నితో. ఆయన ఒక మనిషిని అంతకన్నా మెచ్చుకోవడం నేను వినలేదు.

అప్పుడు చేతిలో మిగిలిన సొమ్ముతో బోరు వేయించి, తోటని షిఫ్టుల కింద విడగొట్టాడు. మొదటి షిఫ్టు ఆకుకూరలు. లాల్ భాజీ, చేచ్ భాజీ, మన గోంగూర. వేసిన నెలలోనే చేతికొస్తాయి. దీదీ గంపలో వెళ్ళి డబ్బులై తిరిగొస్తాయి. ఆ డబ్బుతో రెండో షిఫ్టు: పసుపు, కంద, అరటి, బొప్పాయి. ఇవి కాసి ఇచ్చినదాంతో మూడో షిఫ్టు, ఉసిరి, మామిడి, పనస. పై షిఫ్టులో చెట్టు కావాలంటే కింద షిఫ్టు సంపాదించి పెట్టాలి. బోరు తరవాత జేబులోంచి తియ్యడం నిషేధం. నేను ఒకసారి బోనస్ వచ్చిందని నాలుగు మామిడి అంట్లు కొనుక్కెళితే తిట్టి పంపేశాడు. "నువ్వు కొన్న సెట్టుకి రేపు నీల్లెవడు పోస్తాడు? నువ్వే పొయ్యాల. మరి నువ్వు పోయేక?" అన్నాడు. అవి మా ఇంటి ముందు వేసుకున్నాను. బాగానే కాస్తున్నాయి.

మనవాళ్ళ అవసరాలు ఆయనకి నోటికొచ్చు. భిలాయిలో తెలుగిళ్ళకి పెళ్ళికి అరటి చెట్లు కావాలి, గడపకి మామిడాకులు కావాలి, చవితికి పత్రి కావాలి. అదివరకు బజారులో ఏదో ఆకు తెచ్చి ఇదే మాచీపత్రం అనుకుని పూజ చేసేవాళ్ళం. తోట వచ్చాక నిజం పత్రి దొరికింది. డబ్బులిచ్చే తీసుకోవాలి, బంధువులైనా సరే. మా అమ్మ ఒకసారి, "మరిది తోటలో ఆకుకి కూడా డబ్బులేటి?" అంటే, "వదినా, నాకివ్వొద్దు. ఆ సెట్టుకి జీతం ఇయ్యి" అన్నాడు.

ఆయన వేషం చూడాల్సిందే. ప్లాంట్‌లో ఇచ్చిన సేఫ్టీ బూట్లు, తల మీద హెల్మెట్. ఉసిరి మొక్క మోకాలెత్తు లేనప్పుడు కూడా హెల్మెట్టే. ఏం పడుతుందని బాబాయ్ అంటే, "అలవాటు పడాల" అనేవాడు. కాయని చెట్టుని ఆబ్సెంట్ అనేవాడు. ఒక నిమ్మచెట్టు ఎన్నాళ్ళకీ పూత పెట్టకపోతే అట్టముక్క మీద చార్జిషీటు రాసి దాని మెడకి కట్టాడు. "పని ఎందుకు చేయుట లేదో సంజాయిషీ ఇవ్వవలెను" అని. ఆ తరవాత అది విరగకాసింది. వచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పేవాడు. పిన్ని రోజూ దాని మొదట్లో పల్చని మజ్జిగ పోసిందన్న సంగతి మాత్రం ఆయన కథలో ఉండేది కాదు. పిన్నీ చెప్పేది కాదు. నా వైపు చూసి నవ్వేది.

ఒకసారి రాయపూర్ నుంచి ఒక సంస్థ వాళ్ళు వచ్చారు. చదువుకున్న పిల్లలు, మర్యాదస్తులు. తోటంతా తిరిగి, దీన్ని పర్మాకల్చర్ అంటారండీ అన్నారు. "పేరు బావుంది. జీతం ఎవడిస్తాడు?" అన్నాడు బాబాయి. మేమిస్తాం, మూడేళ్ళు కూలీ ఖర్చంతా మాదే అన్నారు వాళ్ళు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఏడు బోరు నీళ్ళు అడుగంటి ఉన్నాయి. దీదీ కూలి తగ్గించుకుని పని చేస్తోంది.

"నాలుగో ఏడు?" అన్నాడు బాబాయి.

అప్పటి సంగతి అప్పుడు చూద్దామన్నారు. బాబాయి హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "సూడండి బాబూ, తవ్వడానికి ఇవ్వండి, తీసుకుంటాను. తినడానికి మాత్రం వద్దు. మూడేళ్ళు మీ చేత్తో తినీసి నాలుగో ఏడు దీని నోరెండిపోతాది" అన్నాడు. వాళ్ళకి కాస్త చిన్నతనం అనిపించిందేమో, వెళ్ళిపోయారు. నేను ఆ రోజు బాబాయితో పోట్లాడాను. రెండు నెలల తరవాత వాళ్ళే మళ్ళీ వచ్చి, ఒక జేసీబీ పెట్టి వాననీళ్ళు నిలిచే గుంట తవ్వించి ఇచ్చారు. ఆ గుంట వల్లే తోట వేసవి దాటడం నేర్చింది. ఎవరూ ఏటేటా ఇవ్వక్కర్లేని సాయం అది. వాళ్ళు పండగలకి ఇప్పటికీ వస్తారు. పత్రి కొనుక్కునే వెళ్తారు.

తోట తన కాళ్ళ మీద నిలబడ్డాక చేతిలో కొంచెం మిగలడం మొదలైంది. బస్తీలో వాళ్ళు, సెక్టర్లలో పెరళ్ళున్నవాళ్ళు మాకూ ఇలాంటిది పెట్టించమని వచ్చేవాళ్ళు. డబ్బుగా ఇవ్వడం బాబాయికి ఇష్టం లేదు. ఏమివ్వాలో తేలక తిరుగుతుంటే దారి చూపింది పిన్ని. ఓ సాయంత్రం పాలు కాచి దించి, తోడు లేదని పక్కింటికి గిన్నె పంపింది. వాళ్ళు చెంచాడు పెరుగు వేసిచ్చారు. పిన్ని పాలల్లో కలుపుతూ, "ఇలగ ఇవ్వండి. పాలు ఆల్లవి, తోడు మనది. రేపు ఇంకోలు అడిగితే ఆల్లిస్తారు. తోడు ఎవరైనా తిరిగి అడుగుతారేటి?" అంది.

ఆ పద్ధతికి తోడు అనే పేరు ఉండిపోయింది. కొత్త పెరటికి విత్తనాలు, అరటి పిలకలు, కంద దుంపలు, మొదటి వానాకాలం దీదీ కోడలి పని, ఇంతవరకూ మా తోట ఖర్చు. ఆ పెరడు కాపుకొచ్చాక అంతే ఇంకో పెరటికి ఇవ్వాలి. మాకు తిరిగివ్వక్కర్లేదు. తెలుగు ఒక్క ముక్క రాని వాళ్ళు కూడా "తోడు దే దో బాబూజీ" అని వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆ తోడు ఎక్కడిదాకా పాకిందో నాకు తెలీదు. మొన్న దుర్గ్ స్టేషన్ దగ్గర, రైల్వేలో పనిచేసిన ఒక పెద్దాయన ఇంటికి వెళితే, వెనక కంద, బచ్చలి, మధ్యలో ఉసిరి. ఎక్కడివండీ అంటే, "మా చర్చిలో ఒకరు తోడిచ్చారు" అన్నాడు. బాబాయి పేరు కూడా ఆయనకి తెలీదు. ఆ సాయంత్రమే వెళ్ళి చెబితే బాబాయి మొహం చూడాలి. "నా పేరు తెలీదేటి? నిజిఁవే?" అని రెండుసార్లు అడిగి, పిన్నిని పిలిచి ఆవిడ చేత మళ్ళీ నన్ను అడిగించాడు.

ఇంక గంట సంగతి. భిలాయిలో ఏ బడికి వెళ్ళినా గంట బదులు రైలు పట్టా ముక్క వేలాడుతుంది. బాబాయి కూడా తుక్కు దుకాణంలో ఓ ముక్క కొన్నాడు, రశీదు అడిగి మరీ. తోట గేటు పక్కన వేపచెట్టుకి కట్టాడు. పొద్దున్న ఆరింటికి తనే వెళ్ళి మోగించేవాడు. ఆ చప్పుడు వినపడగానే పిన్ని రెండు స్టీలు గ్లాసుల్లో టీ పోసి, ఇంటికీ తోటకీ మధ్య గోడ మీద పెట్టేది. ఒకటి బాబాయికి, ఒకటి దీదీకి. ఏళ్ళ తరబడి అదే చోట పెట్టడంతో గోడ సున్నం మీద రెండు గుండ్రటి మచ్చలు పడ్డాయి.

ఆ గంట ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మా అబ్బాయి ఒకసారి సరదాకి కొట్టబోతే గట్టిగా కసిరాడు. "దిగేవోడు కొట్టకూడదు, ఊసుపోనోడు కొట్టకూడదు. డ్యూటీ ఎక్కేవోడే కొట్టాల. నా రిలీవర్ వస్తే ఆడే కొడతాడు" అన్నాడు. సంఘంలో వాళ్ళు, మీ తరవాత ఎవరండీ అని అడిగేవాళ్ళు. ఆ అడగడంలో హాలు వాసన వచ్చేది ఆయనకి. "వస్తాడు, వస్తాడు" అని మాట మార్చేసేవాడు.

గుండె నీరసించి ఆస్పత్రిలో చేరాక, ఒక రోజు నన్ను దగ్గరకి రమ్మని సైగ చేశాడు. ముక్కుకి గొట్టాలు.

"గంటెవడు కొట్టేడ్రా?"

"ఎవరూ కొట్టలేదు బాబాయ్. దీదీ రోజూ వస్తోంది, పని జరుగుతోంది. గంట నీదని ఆవిడ ముట్టుకోవట్లేదు."

"అయితే నానింకా డ్యూటీలోనే ఉన్నాను" అని కళ్ళు మూసుకున్నాడు. నవ్వాడో, దగ్గాడో తెలీలేదు. అదే నాతో ఆయన ఆఖరి మాట.

పోయింది కార్తీక మాసం వచ్చాక. ఆ వచ్చే ఆదివారమే తోటలో వనభోజనాలు. ఉసిరి చెట్టు కింద మన సంఘం వాళ్ళంతా కుటుంబాలతో వచ్చి భోంచేస్తారు. కూరలు తోటవి, విస్తళ్ళు తోటవి, నీడ తోటది, భోజనానికి అందరూ ఇచ్చే చందా తోటకి. ఏడాదిలో తోటకి వచ్చే పెద్ద రాబడి అదే. వేసవిలో నీళ్ళకీ, కూలికీ దాని మీదే ఆధారం. ఏటా పిన్నీ, నేనూ, మా ఆవిడా దగ్గరుండి జరిపించేవాళ్ళం. ఈసారి మాకు మైల. పదిరోజులయ్యేదాకా మేం ఎవరికీ వండిపెట్టకూడదు, వడ్డించకూడదు.

సెక్రటరీ గారు పలకరించడానికి వచ్చి బాబాయి ఇంటి వాకిట్లో కూర్చున్నారు. కళ్ళు తుడుచుకున్నారు, నిజంగానే. తరవాత మెల్లిగా, "ఈ ఏడు వనభోజనాలు ఆపీద్దాం మాస్టారూ. పెద్దాయనకి గౌరవంగా ఉంటాది" అన్నారు. ఆయన మనసులో ఆ క్షణాన హాలు ఉందని నేను అనుకోను. కానీ నాకు మాత్రం వేసవి గుర్తొచ్చింది. ఆ చందా రాకపోతే వేసవిలో సంఘాన్ని అడగాలి. అడిగితే అయిపోయింది. గౌరవం కోసం ఆపుతామంటే వద్దని ఏ మొహంతో చెప్పను? ఒంటి మీద తువ్వాలుతో, గడ్డంతో, తల వంచుకుని కూర్చున్నాను.

లోపల్నించి పిన్ని గొంతు వినపడింది. బాబాయి పోయిన రోజు నుంచి ఆవిడ ఏడవలేదు.

"ఏటి బాబూ, ఓవెన్ సల్లారబెట్టీసి ఆయన ఫొటోకి దండేస్తారేటి?"

సెక్రటరీ గారు తడబడ్డారు. "అది కాదమ్మా, మీరంతా మైలలో ఉన్నారు. ఎవరు చేస్తారని?"

"సేసేవోలు సేస్తారు. సెయ్యలేకపోతే ఇన్నాల్లూ ఆ తోట ఆయన్ని పట్టుకునే ఏలాడిందన్నమాట. అప్పుడు హాలే కట్టుకోండి."

అంత మాట అనేయడానికి ఎంత ధైర్యం కావాలి! బాబాయి పందెం కట్టింది మీటింగులో పదిమంది ముందు, పౌరుషంతో. పిన్ని మళ్ళీ కట్టింది, ఆయన లేకుండా, గడప లోపల కూర్చుని. సెక్రటరీ గారు లేచి, సరేనమ్మా అని చెప్పి వెళ్ళారు.

ఆ సాయంత్రం గోడ దగ్గర నిలబడి దీదీతో వనభోజనాల సంగతి చెప్పాను. తోడు తీసుకున్న ఇళ్ళన్నిటికీ కబురు పెడతానంది. తరవాత, ఆస్పత్రిలో బాబాయి అన్న మాట కూడా చెప్పాను. ఇంకా డ్యూటీలోనే ఉన్నానన్నాడని. ఆమె చేతిలో కొడవలి ఉంది. దాని మొన మీద మట్టి గోటితో గీకుతూ విని, కొడవలి గంపలో పడేసి వెళ్ళిపోయింది.

వనభోజనాలు ఎలా జరిగాయో ముందే చెప్పేస్తాను. ఘనంగా జరిగాయి. పెరళ్ళవాళ్ళు పొద్దెక్కకుండానే సైకిళ్ళ మీద, ఆటోల్లో వచ్చారట. తెలుగు చదవడం రాని మన పిల్లలు హిందీలో జోకులేసుకుంటూ పులిహోర వడ్డించారట. కందా బచ్చలి కూర వండింది దీదీ కోడలు. మధ్యాహ్నం సెక్రటరీ గారు విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, గోడ అవతల నిలబడి నన్ను పిలిచారు. "మాస్టారూ, వేసవి దాటడానికి సరిపడా వచ్చీసింది. ఈ స్థలంలో హాలు మాట ఇంక మేం ఎత్తం. పిన్నిగారికి చెప్పండి" అన్నారు. కాస్త ఆగి, "కూరలో ఆవ ఘాటు మాత్రం ఎక్కువైంది" అన్నారు. ముక్కు ఎర్రగా ఉంది. ఆవ ఘాటుకే అయ్యుంటుంది.

కానీ నేను దాచుకున్నది ఆ మధ్యాహ్నం కాదు, ఆ రోజు పొద్దున్న.

ఇంకా వెలుగు రాలేదు. నేను వెనక వరండాలో చాప మీద లేచి కూర్చున్నాను. పిన్ని గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, ఎప్పుడు లేచిందో. అవతల తోట గేటు గడియ తీసిన చప్పుడయింది. దీదీ అడుగులు మాకు తెలుసు. రోజూ గడియ తీశాక అడుగులు నేరుగా గుంట వైపు వెళ్ళేవి, బకెట్టు చప్పుడయ్యేది. ఆ రోజు రెండడుగులు వేసి ఆగిపోయాయి. చాలాసేపు ఏమీ వినపడలేదు.

అప్పుడు గంట మోగింది. బాబాయి కొట్టినట్టు లేదు. ఆయనది తీరుబడిగా, ఒకే దెబ్బ మళ్ళీ మళ్ళీ. ఇది గట్టిగా, హడావుడిగా, ఒక దెబ్బ పెద్దది, ఒకటి చిన్నది. వేపచెట్టు మీది కాకులు ఒక్కసారి లేచాయి.

"దిగీసేడ్రా మీ బాబాయి" అంది పిన్ని. "ఇప్పుడు దిగీసేడు." అప్పుడు ఏడ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, పెద్దగా.

వెలుగొచ్చాక తనే లేచి, మొహం కడుక్కుని, స్టవ్ వెలిగించింది. టీ ఒక్క గ్లాసులోనే పోసింది. గోడ దగ్గరకి తీసుకెళ్ళాక ఆగింది. మైల ఇంటి టీ ఎవరైనా తాగుతారా అని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. అయినా పెట్టింది, దీదీ గ్లాసు ఎప్పుడూ ఉండే చోటే. అవతల్నించి ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి పైకి లేచి ఆ గ్లాసు తీసుకుంది.

పక్కన రెండో మచ్చ గోడ మీద అలాగే ఉంది. దాని మీద పడిన మంచు అప్పుడప్పుడే ఆరుతోంది. నా చెవుల్లో పట్టా ముక్క ఇంకా సన్నగా మోగుతూనే ఉంది.